వ్యాపారం పెట్టాలనుంది, ఏ వ్యాపారమో తెలియడం లేదు: బోణీ దాకా ఎలా వెళ్ళాలి

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అట్ట మీద "వ్యాపారం" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాను. ఆఫీసు నుంచి వచ్చాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, అందులో ఆలోచనలు రాసుకునేవాణ్ణి. మూడేళ్ళలో నలభై మూడు పోగయ్యాయి. ఒక్కోదానికి ఒక పేరు, కొన్నిటికి లోగో, రెండు మూడింటికి ఐదేళ్ళ లాభాల పట్టిక కూడా. మొదలుపెట్టింది మాత్రం ఒక్కటీ లేదు.

చివరికి నేను చేసిన పని ఆ నలభై మూడింటిలో లేనేలేదు. కుర్చీలు, బల్లలు బాగుచేసే ఒక పరిచయస్తుడి వర్క్‌షాపుకి ఏదో పని మీద వెళ్ళాను. మాటల మధ్యలో ఆయన సొరుగు లాగి చూపించాడు. నిండా బిల్లులు, రసీదులు, రంపపు పొట్టు అంటుకున్న చీటీలు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆయనకే తెలియదు. నేను ఆఫీసులో రోజూ చేసేది లెక్కల పనే. రెండు ఆదివారాలు కూర్చుని సర్దిపెడితే పదకొండు మంది దగ్గర రావలసిన బాకీలు బయటపడ్డాయి. ఆయన నేను అడక్కుండానే చేతిలో డబ్బు పెట్టి, "వచ్చే నెల కూడా రావాలి" అన్నాడు. అదే నా బోణీ. మూడేళ్ళుగా రాని హుషారు ఆ రాత్రి వచ్చింది, నిద్ర పట్టలేదు.

అందుకే ఈ వ్యాసం మీకు అలవాటైన వరసలో ఉండదు. ముందు ప్రేరణ, తర్వాత గొప్ప ఐడియా, ఆ తర్వాత పెట్టుబడి అనే క్రమాన్ని నేను నమ్మను. చుట్టమో స్నేహితుడో కాని మనిషి ఒకరు మీ పనికి డబ్బివ్వడం ముందు జరగాలి. ఉత్సాహమూ దారీ చాలావరకు ఆ ప్రయత్నంలోనే దొరుకుతాయి. కింద చెప్పినవాటిలో బోణీ దాకా ఉన్నవి ఉద్యోగం చేసుకుంటూ చేస్తే రెండు మూడు నెలల పని.

1. కారణం తేల్చుకోండి

ఒక కాగితం మీద వ్యాపారం ఎందుకు పెట్టాలనుకుంటున్నారో కారణాలన్నీ రాయండి. అందంగా రాయక్కర్లేదు. "మా మేనేజర్ మొహం చూడలేకపోతున్నాను" అన్నదీ కారణమే. రాశాక ఒక్కో కారణం దగ్గర ఆగి ఆలోచించండి: రేపు ఇంతకంటే మంచి ఉద్యోగం, మంచి పై అధికారి దొరికితే ఈ కారణం ఉంటుందా, పోతుందా? పోయేవాటిని కొట్టేయండి.

అన్నీ కొట్టివేతలే మిగిలితే మీకు కావలసింది వేరే ఉద్యోగం, వ్యాపారం కాదు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ మాట పెద్దగా ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళందరూ వ్యాపారం పెట్టమని చెప్పడానికే కూర్చుంటారు.

మిగిలినవాటిలో "స్వేచ్ఛ" అనే మాట ఉంటే దాన్ని విడదీసి చూడండి. పనివేళలు మీ చేతిలో ఉండటమా? ఏ పని చేయాలో మీరే ఎంచుకోవడమా? ఎవరితో చేయాలో ఎంచుకోవడమా? సంపాదనకు హద్దు లేకపోవడమా? నాలుగూ వేరువేరు కోరికలు, ఒక్కోదానికి ఒక్కో రకం వ్యాపారం సరిపోతుంది. వేళల స్వేచ్ఛ కోరుకున్న మనిషి దుకాణం తెరిస్తే పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి రాత్రి మళ్ళీ వేసేదాకా గల్లాపెట్టె దగ్గర్నుంచి కదలడానికి ఉండదు. ఉద్యోగంలో బాసు ఒక్కడే. వ్యాపారంలో ప్రతి కస్టమరూ బాసే, అదీ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసే బాసు.

"డబ్బు" ఒక్కటే మిగిలిందా? తప్పేమీ లేదు, కానీ ఒక చిక్కుంది. ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు పజిల్ విప్పినందుకు డబ్బిచ్చారు, తర్వాత ఆపేశారు. డబ్బు ఆగాక ఖాళీ దొరికితే వాళ్ళు ఆ పజిల్ జోలికి వెళ్ళడం తగ్గింది. వ్యాపారంలో మొదటి నెలలన్నీ దాదాపు డబ్బు రాని నెలలే. ఆ నెలల్లో మిమ్మల్ని కూర్చోబెట్టేది ఇంకేదో ఒకటి ఉండాలి. పని మీద ఇష్టమో, మీ చేతిపని బాగుంటుందన్న నమ్మకమో, ఫలానా రకం మనుషులకు పనికిరావాలన్న తపనో, ఏదైనా సరే.

2. చేతిలో ఉన్నది లెక్కపెట్టండి

సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు అనుభవజ్ఞులైన 27 మంది వ్యాపార స్థాపకుల ఆలోచనా తీరును దగ్గరగా పరిశీలించి 2001లో ఒక పత్రం ప్రచురించారు. ఒక లక్ష్యం పెట్టుకుని దానికి కావలసినవి సమకూర్చుకోవడం మనకు చదువుల్లో నేర్పే పద్ధతి. వాళ్ళలో చాలామంది దీనికి తిరగేసి నడిచారు. నేనెవరిని, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు అన్నవి ముందు చూసుకుని, వీటితో ఏం చేయగలనని అడిగారు. వంటింట్లో ఏముందో చూసుకుని వంట మొదలుపెట్టినట్టు.

మనం అదే చేద్దాం. అయితే "నా బలాలు" అని శీర్షిక పెట్టి కూర్చుంటే వచ్చేవి కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు లాంటి ఉద్యోగ దరఖాస్తు మాటలే. వాటితో ఎవరికీ ఏమీ అమ్మలేరు. దానికి బదులు ఫోను తీయండి. గత మూడు నెలల మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి, మిమ్మల్ని ఎవరైనా ఏదైనా సాయం అడిగిన ప్రతిదాన్నీ రాసుకోండి. "ఈ ఫారం ఎలా నింపాలి?" "మా అమ్మాయికి లెక్కలు ఒకసారి చెప్తావా?" "ఈ ఫోటోలు నువ్వయితే బాగా సర్దుతావు." "ఏ లాప్‌టాప్ కొనమంటావ్?"

నేను ఇలా చేసినప్పుడు పందొమ్మిది వచ్చాయి. అందులో పన్నెండు కాగితాలకు, లెక్కలకు సంబంధించినవే. నా నోటుపుస్తకంలోని ఆలోచనల్లో లెక్కల పని ఒక్కటీ లేదు. అది నాకు పనిలా అనిపించేది, "ఐడియా"లా అనిపించేది కాదు. మనకు సులువుగా వచ్చేదాన్ని మనం విలువైనదిగా లెక్కించం. ఎదుటివాళ్ళకు కష్టమనిపించి మీకు సులువుగా వచ్చే చోటు కనిపిస్తే దాని కింద గీత కొట్టండి.

"ఇప్పుడేం మొదలుపెడతాం, వయసైపోయింది" అనుకునేవాళ్ళకు ఒక్క మాట. పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికా జనగణన శాఖ సమాచారాన్ని తవ్వి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, అత్యంత వేగంగా ఎదిగిన కొత్త సంస్థల స్థాపకుల సగటు వయసు 45. అదే రంగంలో అంతకుముందు పనిచేసినవాళ్ళకు అవకాశం ఇంకా ఎక్కువని కూడా అందులోనే తేలింది. మీరు విసుక్కునే ఆ ఉద్యోగం ఇన్నేళ్ళుగా మీకేదో నేర్పుతూనే ఉంది.

3. ఐడియా వెతకడం ఆపి ఇబ్బంది వెతకండి

రెండు వారాలు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని తిరగండి. రోజుకు మూడు రాయాలి. ఎవరో ఎక్కడో ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఎవరో ఒకే పని రెండుసార్లు చేశారు. ఎవరో "ఇది నా వల్ల కాదు" అని పక్కన పెట్టారు. ఎవరో బాగా చేయలేని మనిషికి కూడా డబ్బిచ్చి చేయించుకున్నారు, ఇంకెవరూ దొరక్క. ఈ నాలుగోది కనిపిస్తే తప్పకుండా రాసుకోండి.

ఐడియాకు, దీనికి తేడా ఏమిటంటే ఐడియాలో మీరుంటారు, ఇబ్బందిలో ఎదుటి మనిషి ఉంటాడు. "ఒక ఆన్‌లైన్ శిక్షణ వేదిక పెడతాను" అంటే అది ఎవరి కోసమో తెలియదు. "రాత్రి షిఫ్టు చేసే నర్సులకు పగలు పిల్లల్ని చూసుకునేవాళ్ళు దొరకడం లేదు" అంటే మనిషి కళ్ళ ముందు కనిపిస్తుంది, ఎవరిని కలవాలో కూడా తెలుస్తుంది.

రెండు వారాల తర్వాత మీ దగ్గర నలభై దాకా ఉంటాయి. వాటిలో మీరు రెండో మెట్టులో గీత కొట్టినవాటితో కలిసేవి ఏరండి. ఐదో ఆరో మిగులుతాయి. ఒక్కోదానికి ఈ మూడు చూడండి: ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి వాళ్ళు ఇప్పటికే డబ్బో, టైమో ఖర్చుపెడుతున్నారా? ఇలాంటివాళ్ళు పది మందిని నేను ఈ నెలలో స్వయంగా కలవగలనా? ఈ పని రెండేళ్ళపాటు, ఉత్సాహం లేని రోజుల్లో కూడా, నేను చేయగలనా?

మూడింటికీ అవునన్నది ఒక్కటే ఉంటే అదృష్టం. రెండుంటే చిన్నది తీసుకోండి. ఏదీ లేకపోతే ఇంకో రెండు వారాలు తిరగండి. ఇక్కడ తొందరపడితే ముందు ముందు నెలలు పోతాయి.

4. పది మందితో మాట్లాడండి, కానీ అభిప్రాయం అడక్కండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. నేను అప్పట్లో రెండో మనిషి దగ్గరికి వెళ్ళి ఇలా అడిగాను:

"మీలాంటివాళ్ళ లెక్కలు నెలనెలా చూసిపెట్టే సర్వీసు మొదలుపెడదామనుకుంటున్నానండీ. ఎలా ఉంటుంది?"

"చాలా మంచి ఆలోచన బాబూ. తప్పకుండా పెట్టు. మావాళ్ళందరికీ చెప్తాను."

సంబరపడిపోతూ ఇంటికొచ్చాను. ఆయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఎదురుగా కూర్చుని ఆశగా అడుగుతున్న మనిషితో బాగోలేదని ఎవరంటారు? నేనడిగింది మెప్పు, ఆయన ఇచ్చిందీ అదే. తర్వాత ఇంకొకాయన దగ్గర నా ఆలోచన సంగతి ఎత్తకుండా మాట్లాడాను:

"పోయిన నెల లెక్కలు ఎప్పుడు చూసుకున్నారండీ?"

"ఎక్కడ చూశాను? ఆదివారం కూర్చుందామనుకున్నా, కుదర్లేదు."

"అంతకుముందు ఎప్పుడు కూర్చున్నారు?"

"మూడు నెలలైందేమో. నిజానికి కూర్చుంది మా ఆవిడ. పెద్ద గొడవైంది ఆ రోజు."

"గొడవెందుకు?"

"ఒకాయన డబ్బు ఇచ్చేశానంటాడు, మా పుస్తకంలో లేదు. మళ్ళీ అడిగేసరికి ఆయనకు కోపమొచ్చి ఇంకోచోటికి పోయాడు. పదేళ్ళ కస్టమరు."

"దీనికోసం ఎప్పుడైనా మనిషిని పెట్టుకున్నారా?"

"ఒక కుర్రాణ్ణి పెట్టా. రెండు నెలలు చేసి మానేశాడు."

ఆ ఆఖరి జవాబు దగ్గర నాకు ఒళ్ళు పులకరించింది. ఆయన ఈ ఇబ్బందికి ఒకసారి జీతం ఇచ్చి చూశాడు. అంటే డబ్బివ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు, కుదరలేదంతే. బాకీ వసూలు కన్నా కస్టమరు పోవడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందనీ తెలిసింది. తర్వాత నేను ఎవరితో మాట్లాడినా "లెక్కలు సర్దుతాను" అనలేదు. "ఇచ్చినవాళ్ళను మళ్ళీ అడిగే అవసరం రాకుండా చూస్తాను" అన్నాను. ఆ మాట నా బుర్రలో పుట్టలేదు, ఆయన గొడవలోంచి వచ్చింది.

కాబట్టి అడగాల్సింది జరిగిపోయిన సంగతుల గురించి. కిందటిసారి ఎప్పుడు, ఏం చేశారు, ఎంత సమయం పట్టింది, ఎవరి సాయం తీసుకున్నారు, ఎంత ఖర్చయింది? "వాడతారా", "కొంటారా", "బాగుంటుందా" అని భవిష్యత్తు గురించి అడిగిన ప్రతి ప్రశ్నకూ మర్యాద కోసం చెప్పే జవాబే వస్తుంది. చుట్టాల్ని, స్నేహితుల్ని ఈ పది మందిలో లెక్కపెట్టకండి. వాళ్ళు మీ మీద ప్రేమతో అబద్ధం చెప్తారు, లేదా భయంతో నిరుత్సాహపరుస్తారు. రెండూ సమాచారం కావు.

5. బోణీ చేయండి

అంగడి, వెబ్‌సైటు, విజిటింగ్ కార్డు, పేరు, రంగులు ఇవన్నీ పక్కన పెట్టండి. ఇవి పని చేస్తున్నామన్న తృప్తినిచ్చి పని చేయనివ్వవు. నా అనుభవంలో లోగో అంత హాయిగా టైము తినేసేది ఇంకోటి లేదు. బోణీకి కావలసినవి మూడే: ఒక మనిషి, ఆయన ఇబ్బంది తీర్చే ఒక చిన్న పని, దానికో ధర.

ఎంత చిన్నగా మొదలుపెట్టొచ్చో చెప్పడానికి జాపోస్ అనే ఆన్‌లైన్ చెప్పుల దుకాణం కథ బాగుంటుంది. ఆన్‌లైన్‌లో చెప్పులు, బూట్లు ఎవరైనా కొంటారా అన్నది 1999లో దాని స్థాపకుడు నిక్ స్విన్‌మర్న్‌కు తెలియదు. గోదాము కట్టలేదు, సరుకు కొనలేదు. దగ్గర్లోని చెప్పుల దుకాణాలకు వెళ్ళి ఫోటోలు తీసుకుని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎవరైనా ఆర్డరిస్తే ఆ దుకాణంలోనే మామూలు ధరకు కొని పంపించాడు. అలా అమ్మితే లాభం ఉండదు. కానీ ఆయనకు అప్పుడు కావలసింది లాభం కాదు, జనం కొంటారా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు.

మీ పనిని కూడా అంత చిన్నది చేయండి. పాఠాలు చెప్పాలనుకుంటే సంస్థ వద్దు, ఒక విద్యార్థికి నాలుగు పాఠాలు. బట్టలు కుట్టాలనుకుంటే బొటిక్ వద్దు, ఒకరికి ఒక జత. సాఫ్ట్‌వేర్ చేయాలనుకుంటే మొదటి కస్టమరుకు ఆ పని మీ చేత్తోనే చేసిపెట్టండి. దాన్ని కంప్యూటర్ చేత చేయించడం పదో కస్టమరు తర్వాత చూసుకోవచ్చు.

ధర చెప్పేటప్పుడు గొంతు పెగలదు. నాకూ పెగల్లేదు, మొదటాయన అడక్కుండానే ఇచ్చాడు కాబట్టి బతికిపోయాను. ఇప్పుడైతే ఇలా చేయమంటాను: ఆ పనికి మీకు పట్టే గంటలు లెక్కేయండి, ఉద్యోగంలో మీ గంటకు వచ్చేదానితో హెచ్చవేయండి, దానికంటే తక్కువ చెప్పకండి. చెప్పేశాక నోరు మూసుకోండి. "ఎక్కువైతే తగ్గిస్తానండీ" అని మీ అంతట మీరే అనకండి. అవతలివాళ్ళు ఆలోచించుకుంటుంటే ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది తమ ధర తామే కోసుకుంటారు.

ఉచితంగా మాత్రం చేయకండి. నేను ఒక మిత్రుడికి ఉచితంగా చేసిపెడతానన్నాను. డబ్బిచ్చేవాళ్ళు ఒకటో తేదీకల్లా కాగితాలు పంపేవాళ్ళు. ఆయన ఇరవయ్యో తేదీ దాటాక, నేను రెండుసార్లు గుర్తుచేశాక, అదీ సగం పంపేవాడు. అది మంచి పనో కాదో నాకు ఆయన ద్వారా ఎప్పటికీ తెలియలేదు.

6. ఎంత పోయినా పర్వాలేదో ముందే రాసుకోండి

అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల ప్రకారం అక్కడ కొత్త వ్యాపారాల్లో సుమారు ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే మూతపడుతుంది. ఐదేళ్ళు తిరిగేసరికి దాదాపు సగం మిగలవు. భయపెట్టడానికి చెప్పడం లేదు. సగం మంది దిగాక తిరిగి రావలసిందే అన్నప్పుడు, తిరిగి రాగలిగేంత లోతుకే దిగడం తెలివి.

సరస్వతి పరిశీలించిన ఆ స్థాపకులు ఇక్కడ కూడా వేరేగా ఆలోచించారు. ఎంత లాభం వస్తుందని లెక్కేసి దానికి తగ్గట్టు పెట్టుబడి పెట్టలేదు. ఎంత పోతే తట్టుకోగలమని చూసి అంతే పెట్టారు. మీ కాగితం మీద మూడు సంఖ్యలు రాయండి: పోయినా సంసారం ఆగని డబ్బు ఎంత, వారానికి ఇవ్వగల గంటలు ఎన్ని, ఎన్ని నెలల తర్వాత ఆగి చూసుకుంటారు. నా కాగితం మీద ఒక నెల జీతం, వారానికి తొమ్మిది గంటలు, తొమ్మిది నెలలు అని ఉంది. కింద ఇంట్లోవాళ్ళ చేత కూడా సంతకం పెట్టించాను. సరదాకి చేశాను గానీ ఐదో నెలలో ఆ సంతకం చాలా గొడవలు తప్పించింది.

ఉద్యోగం మానేసి దూకితేనే పట్టుదల ఉన్నట్టని ఒక మాట చలామణిలో ఉంది. జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఎదురు చెప్తుంది. ఉద్యోగంలో ఉంటూ మొదలుపెట్టి తర్వాత పూర్తిగా మారినవాళ్ళ వ్యాపారాలు మూతపడే ముప్పు, ఒకేసారి దూకినవాళ్ళతో పోలిస్తే 33 శాతం తక్కువ. నైకీ స్థాపకుడు ఫిల్ నైట్ 1964లో బూట్ల వ్యాపారం మొదలుపెట్టాక కూడా అకౌంటెంటుగా పనిచేస్తూ, పాఠాలు చెప్తూ, పరుగు పందేల దగ్గర కారులోంచి బూట్లు అమ్ముకున్నాడు. పూర్తికాలం అందులోకి వచ్చింది 1969లో. ఆయనకు పట్టుదల లేదని ఎవరైనా అంటారా?

ఒక జాగ్రత్త. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చేయకూడదని ఉందేమో చదువుకోండి. ఆఫీసు కంప్యూటరు, ఆఫీసు సమయం, ఆఫీసు కస్టమర్లు ఈ మూడింటినీ ముట్టుకోకండి. మీ ప్రాంతంలో రిజిస్ట్రేషన్, పన్ను నియమాలేమిటో మొదటి ఇద్దరు ముగ్గురు కస్టమర్లు వచ్చేలోపు తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకోండి.

7. హుషారు తగ్గే రోజులకు ఏర్పాటు

బోణీ హుషారు మూడు నాలుగు వారాలుంటుంది. ఆ తర్వాత ఒక సాయంత్రం అలసిపోయి వస్తారు, చేయాలనిపించదు. ఆరంభశూరులు రాలిపోయేది అక్కడే. ఆ సాయంత్రానికి పట్టుదల చాలదు, ముందే చేసిపెట్టుకున్న ఏర్పాటు కావాలి.

"ఇది జరగ్గానే అది చేస్తాను" అని ముందే కట్టుకునే నిర్ణయాలు మామూలు సంకల్పాల కంటే ఎక్కువగా నెరవేరతాయని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనలు చూపించాయి. "రోజూ వ్యాపారం మీద పనిచేస్తాను" అనడం సంకల్పం. "రాత్రి గిన్నెలు సర్దగానే బల్ల దగ్గర కూర్చుని ఒక కొత్త మనిషికి మెసేజ్ పంపుతాను" అనడం ఏర్పాటు. మొదటిదానికి రోజూ కొత్తగా మనసును ఒప్పించాలి. రెండోదానికి గిన్నెలు సర్దితే చాలు.

ఆయనదే ఇంకో అధ్యయనం 2009లో వచ్చింది, అది నాకు చురుక్కుమని తగిలింది. తమ ఉద్దేశాన్ని ఇంకొకరు గమనించారని తెలిసిన న్యాయ విద్యార్థులు, ఎవరూ పట్టించుకోనివాళ్ళ కంటే తక్కువ పని చేశారు. చెప్పుకోవడంతోనే సగం అయిపోయినట్టు మనసుకు అనిపిస్తుందన్నమాట. నా నోటుపుస్తకంలోని పన్నెండో ఆలోచనను నేను ఒక పెళ్ళిలో బంధువులందరికీ చెప్పాను. నెల రోజులపాటు అందరూ అభినందించారు, ఆ నెల నేను ఒక్క పని చేయలేదు. స్పాంక్స్ అనే లోదుస్తుల సంస్థ స్థాపకురాలు సారా బ్లేక్లీ ఫ్యాక్స్ యంత్రాలు అమ్మే ఉద్యోగంలో ఉండగానే తన ఆలోచన మీద పనిచేశారు, దాదాపు ఏడాదిపాటు స్నేహితులకు, ఇంట్లోవాళ్ళకు చెప్పలేదట. సాయం చేయగలవాళ్ళకు మాత్రం చెప్పారు. అదే సరైన తేడా అనుకుంటాను. మీ డబ్బులో, సంసారంలో భాగమున్నవాళ్ళకు చెప్పండి, పని చేసిపెట్టగలవాళ్ళకు చెప్పండి. మెచ్చుకునేవాళ్ళకు ఏడాది ఆగి చెప్పండి.

8. దారి మారితే మారనివ్వండి

ఐదారుగురు కస్టమర్లయ్యాక ఒక పూట కూర్చుని వాళ్ళ పేర్లు వరసగా రాయండి. మళ్ళీ వచ్చింది ఎవరు? ఇంకొకరిని పంపింది ఎవరు? ధర దగ్గర బేరమాడకుండా ఇచ్చింది ఎవరు? ఎవరి పని చేస్తుంటే మీకు టైము తెలియలేదు? ఈ నాలుగింటిలో ఒకే రకం మనుషులు పదేపదే వస్తుంటే మీరు వెళ్ళాల్సింది అటు. నేను దుకాణాలవాళ్ళకని మొదలుపెట్టాను. మళ్ళీ మళ్ళీ వచ్చిందీ, ఇంకొకర్ని పంపిందీ చేతిపనివాళ్ళు: వడ్రంగులు, వెల్డర్లు, కుట్టుపనివాళ్ళు. రోజంతా చేతులు పనిలో ఉంటాయి, రాసుకునే తీరిక ఉండదు. నాలుగో నెలలో దుకాణాలను వదిలేశాను.

మొదట పట్టుకున్న దారే చివరిదాకా ఉండాలన్న పంతం వద్దు. 1946లో టోక్యోలో మసారు ఇబుకా, అకియో మొరితా స్థాపించిన సంస్థ తొలి రోజుల్లో విద్యుత్ రైస్ కుక్కర్ తయారుచేయబోయింది. అన్నం అయితే మరీ మెత్తగా అయ్యేది, లేకపోతే పలుకుగా ఉండేది. దాన్ని అమ్మలేకపోయారు. ఆ సంస్థే తర్వాత టేప్ రికార్డర్లు, రేడియోలు చేసి సోనీ అయింది. కుక్కర్ కోసమే ప్రాణం పెట్టి కూర్చుని ఉంటే ఏమయ్యేదో.

మారడం వేరు, మానేయడం వేరు. గడువు నెలలు అయిపోయాయి, మళ్ళీ వచ్చిన కస్టమరు ఒక్కరూ లేరు, మీకు ఆ పని అంటేనే విసుగొస్తోంది, ఈ మూడూ కలిస్తే మానేయండి. ఒకటి రెండే ఉంటే మూడో మెట్టుకు వెనక్కి వెళ్ళండి. ఈసారి పది మంది పరిచయాలు ముందే ఉన్నాయి కాబట్టి సగం సమయంలో అయిపోతుంది.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలని చాలామంది అడుగుతుంటారు. బాగా నడిచిన నెలను చూసి మానేయకండి. పన్నెండు నెలల రాబడి రాసి అందులో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను చూడండి. ఆ నెల రాబడితో ఇల్లు గడుస్తుందంటే అప్పుడు ఆలోచించండి. దానితోపాటు ఇంకోటి కూడా చూసుకోండి. నాకు పధ్నాలుగో నెలలో లెక్క సరిపోయింది, రాజీనామా కూడా రాసి ఉంచాను. తీరా చూస్తే రాబడిలో సగం ఒకే మనిషి దగ్గర్నుంచి వస్తోంది. ఆయన కొడుకు లెక్కల చదువు పూర్తిచేసి వచ్చే నెలలో ఇంటికొస్తున్నాడని అప్పుడే తెలిసింది. ఆ రాజీనామా ఇంకో ఎనిమిది నెలలు సొరుగులోనే ఉంది.